అరుగు వినలేదు

పోయిన కార్తీకంలో మా అపార్ట్‌మెంటు వాళ్ళమంతా వనభోజనాలకి వెళ్ళాం. గుంటూరుకి దూరమేమీ కాదు, తెనాలి రోడ్డులో తెలిసినవాళ్ళ తోట. ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు ఎత్తేశాక మాలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు లేచారు. ఆయన మాట్లాడుతుంటే వినబుద్ధవుతుంది. పిల్లల టెన్షన్లు, విడాకులు, సెల్‌ఫోన్లు అన్నీ ఒక రౌండు అయ్యాక, "ఇళ్ళకి అరుగులు ఉన్నన్నాళ్ళూ మనకి కౌన్సెలర్ల అవసరం రాలేదండీ. పొద్దువాలితే అరుగు మీద చేరి మనసులో మాట చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు అదే పనికి గంటకింతని ఫీజు కడుతున్నాం" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను. మా ఊళ్ళో ఇంటి అరుగు కళ్ళముందు మెదిలింది మరి. నాపరాళ్ళు పరిచిన అరుగు, మిట్టమధ్యాహ్నం పడుకున్నా వీపుకి చల్లగా తగిలేది.

తిరిగొస్తుంటే కారులో మా అమ్మాయి, "నాన్నా, మరి పెద్దత్త ఆ అరుగు మీద ఏం చెప్పుకుంది?" అంది.

ఏం చెప్పుకుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా 40 ఏళ్ళుగా నాకు తట్టలేదు.

రేకు పెట్టె

1984లో నాకు 15 ఏళ్ళు. అక్కకి పెళ్ళయి రెండేళ్ళు. ఒకరోజు పొద్దున్నే బస్సు దిగి, రేకు పెట్టె చేత్తో పట్టుకుని ఒక్కతే నడిచొచ్చింది. అమ్మ ముందు పెట్టె లోపల పెట్టించింది, వీధిలో ఎవరూ చూడకుండా. తర్వాత కాఫీ ఇచ్చింది. సాయంత్రానికి అరుగు నిండిపోయింది. మామయ్య వచ్చాడు, బాబాయి వచ్చాడు, ఎదురింటి పెద్దావిడ వచ్చింది. అక్క గుమ్మం లోపల, తలుపుకి ఆనుకుని నిలబడింది. మాట్లాడేదంతా అక్క గురించే గానీ అరుగు మీద అక్కకి చోటు లేదు. ఇది కూడా మొన్న కారులోనే గుర్తొచ్చింది నాకు.

బాబాయి "ఆవేశపడకూడదమ్మా" అన్నాడు. మామయ్య పరువు గురించి చెప్పాడు. ఎదురింటావిడ "నా కాపురం మొదట్లో నేను పడలేదా" అని తన కథ ఎత్తుకుని ఎనిమిదింటిదాకా చెప్పింది. చెడ్డ మనిషి కాదు, అక్కంటే ఆవిడకి ప్రాణం. ఏమైంది అని అడగలేదా అంటే, అడిగారు. "ఏమైందని ఇలా వచ్చేశావు?" అని. దానికి జవాబు ఎవరు చెప్పగలరు? మూడోరోజు నాన్న అదే పెట్టెతో అక్కని దింపి వచ్చాడు.

వాళ్ళందరూ అక్క మంచే కోరారు. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మంచిలో ఒక్కొక్కళ్ళకి ఒక్కో వాటా ఉంది. నాన్నకి పెళ్ళి కావలసిన రెండో కూతురుంది. సంబంధం కుదిర్చింది మామయ్య. బాబాయి ఆ మధ్యనే అక్క మామగారి దగ్గర అప్పు తెచ్చుకున్నాడు. అక్క నోరు విప్పితే ముగ్గురి లెక్కలూ తారుమారవుతాయి. వినకపోవడమే వాళ్ళకి క్షేమం.

మన సామెతలు చూడండి. ఇంటి గుట్టు లంకకి చేటు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అరుగులున్న కాలంలో పుట్టిన సామెతలే ఇవి. రోజూ సాయంత్రం అరుగు మీద మనసు విప్పుకునే జనానికి ఇలాంటి హెచ్చరికలతో ఏం పని?

అలాగని అరుగుని మొత్తంగా కొట్టిపారెయ్యను. నాన్న పోయినప్పుడు పదకొండు రోజులు ఆ అరుగు ఖాళీ కాలేదు. ఎవరూ ఏమీ అనేవారు కాదు, వచ్చి కూర్చునేవాళ్ళు, అంతే. ఆ కూర్చోవడం ఇప్పుడు మా మూడో అంతస్తులో దొరకదు. చావు దగ్గర, జబ్బు దగ్గర, గింజలు అయిపోయినప్పుడు అరుగు పనికొచ్చింది. తప్పు ఎవరిదో తేల్చాల్సిన చోట మాత్రం అది పంచాయితీ అయిపోయేది. హెడ్మాస్టారు గారు మొదటిది గుర్తుపెట్టుకుని మాట్లాడారు, రెండోది మర్చిపోయారు. మగవాళ్ళం చాలామందిమి మర్చిపోతాం, కూర్చునేది మనం కాబట్టి.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన తల్లి

నాది కొత్తపేటలో మందుల షాపు. 27 ఏళ్ళయింది. చుట్టూ ఆస్పత్రులే కాబట్టి కష్టంలో ఉన్న మనుషులు రోజూ కౌంటర్ అవతల నిలబడతారు. మా అమ్మాయి హైదరాబాదులో సైకాలజీ ఎం.ఎస్సీ. చదువుతోంది. సెలవులకొచ్చి వదిలేసి వెళ్ళిన పుస్తకం ఒకటి, మధ్యాహ్నం బేరాలు పలచబడ్డప్పుడు తిరగేశాను. కార్ల్ రోజర్స్ అనే అమెరికా సైకాలజిస్టు 1961లో వేసిన 'ఆన్ బికమింగ్ ఎ పర్సన్'. సగం నాకు ఎక్కలేదు. ఒకచోట మాత్రం ఆగిపోయాను.

1928 నుంచి పన్నెండేళ్ళు ఆయన రోచెస్టర్ ఊళ్ళో, పిల్లల సమస్యలు చూసే విభాగంలో పనిచేశాడు. అల్లరి హద్దుమీరిన ఒక పిల్లాడి తల్లి వచ్చేది. తెలివైన మనిషి. పిల్లాడిని చిన్నప్పుడు ఆమె దగ్గరికి తియ్యకపోవడమే అసలు కారణమని ఈయన తేల్చుకున్నాడు. వారాల తరబడి, నొప్పించకుండా, ఆమె చెప్పిన మాటల్లోంచే సాక్ష్యాలు ఏరి ఆమెకి అర్థమయ్యేలా చెయ్యాలని చూశాడు. కాలేదు. చివరికి, ఇద్దరం ప్రయత్నించాం, కుదరలేదు, ఇక ఆపేద్దామన్నాడు. ఆమె సరేనంది. చేతులు కలిపారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళకి కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామన్నాడు. అయితే నాకు కావాలి అని మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని, మొగుడితో తన కాపురం ఎలా చెడిందో గడగడా చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు ఇచ్చిన పొందికైన వివరాలకీ దీనికీ పోలికే లేదు. చివరికి ఆమె బాగుపడింది, పిల్లాడూ దారిలో పడ్డాడు. ఎక్కడ నొప్పో, ఎటు నడవాలో వచ్చిన మనిషికే తెలుసు, తన తెలివి చూపించుకోవాలని ఉంటే తప్ప ఆ మనిషి వెనకే నడవడం మేలు అని రోజర్స్ ఆనాడు నేర్చుకున్నాడట.

మా అరుగు మీద అక్క గుమ్మంలోనే ఉంది. వెనక్కి తిరిగి అడగడానికి ఎవరున్నారు?

ఆ తర్వాత రోజర్స్ 'రోగి' అనడం మానేసి 'క్లయింట్' అన్నాడు. గదిలో మాటలు రికార్డు చేయించాడు. 1942లో వేసిన పుస్తకంలో ఒక కేసు మొత్తం, పొల్లుపోకుండా అచ్చువేశాడు. మూసిన తలుపుల వెనక జరిగేదాన్ని అలా బయటపెట్టడం అప్పటికి కొత్త. నాకైతే 1984లో మా ఇంటి సాయంత్రం ఎవరైనా టేపు చేసి ఉంటే బాగుండేదనిపించింది. నాలుగు గంటల టేపులో అక్క గొంతు రెండు నిమిషాలు ఉంటుందేమో.

1957లో రాసిన ఒక వ్యాసంలో ఆయన, మనిషి మారాలంటే ఏమేం కావాలో ఆరు షరతులు పెట్టాడు. వాటిలో మూడు వినేవాడికి సంబంధించినవి. లోపలొకటి బయటొకటి లేకుండా ఉండటం ఒకటి. ఎదుటి మనిషిని బేషరతుగా ఆదరించడం రెండోది. (మన పేపర్లలో 'బేషరతుగా' తర్వాత 'క్షమాపణ' తప్ప ఇంకో మాట చూసిన గుర్తు లేదు నాకు.) మూడోది, ఎదుటివాళ్ళ లోకం తనదే అన్నట్టు చూడగలగడం, కానీ ఆ 'అన్నట్టు' ఎప్పుడూ జారిపోకుండా చూసుకోవడం. ఎదురింటావిడ దగ్గర జారిపోయింది అదే. అక్క కాపురం నిజంగానే ఆవిడ కాపురమైపోయింది.

కన్నవాళ్ళకీ, తోడబుట్టినవాళ్ళకీ ఈ బేషరతు ఆదరణ సాధ్యమా అని చాలా రోజులు ఆలోచించాను. నాకు కాదనిపిస్తుంది. ప్రేమ లేక కాదు, వాటా ఉండి. మా అమ్మాయి ఇంటర్‌లో ఎం.పి.సి. వద్దన్న రోజు నేను మూడు రోజులు దానితో సరిగ్గా మాట్లాడలేదు. అది నామీద పగ పెట్టుకోలేదు గానీ, మాట్లాడకపోవడం ఒక షరతేనని దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఊరంతా ర్యాంకుల ఫ్లెక్సీలున్నచోట తండ్రి మొహం ఇంకో ఫ్లెక్సీ. అందుకే 'మనవాళ్ళు ఉండగా బయటి మనిషెందుకు' అన్న మాట నాకు తిరగబడి వినిపిస్తోంది. మనవాళ్ళు ఉన్నారు కాబట్టే బయటి మనిషి కావాలి.

డబ్బు తీసుకుని వినడమేమిటి అంటారు. హెడ్మాస్టారి ఎత్తిపొడుపు కూడా అదే. ఫీజుతో లెక్క తీరిపోతుంది కదా, అది చూడండి. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ అక్క ఇప్పటికీ రుణపడి ఉంది. "ఆ రోజు మేం సర్దిచెప్పబట్టి కదా" అన్న మాట బాబాయి తన మనవరాలి పెళ్ళిలో కూడా అన్నాడు.

"అదే కదండీ నేను చెప్పింది"

చదివింది ఊరికే పోనివ్వకూడదని షాపులో ప్రయోగం చేశాను. పల్నాడు నుంచి వచ్చిన ఒకాయన, భార్యని పక్క ఆస్పత్రిలో చేర్చారు, రాత్రి పదింటికి వచ్చి నిద్రమాత్ర ఒకటి ఇవ్వమన్నాడు. చీటీ లేదు. ఆల్‌ప్రజోలామ్ లాంటివి షెడ్యూల్ హెచ్1లో ఉంటాయి. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడు పేషెంటు పేరు, డాక్టరు పేరు విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. మామూలుగా అయితే, ఇవ్వను అని చెప్పి, టీ తగ్గించండి, నాలుగడుగులు నడవండి అని ఒక సలహా కవర్లో వేసి పంపేవాణ్ణి. ఆ రోజు మాత్రం ముందుకి వంగి, వీలైనంత మెత్తగా, "అంటే మీకు నిద్ర పట్టడం లేదన్నమాట" అన్నాను.

"అదే కదండీ నేను చెప్పింది" అన్నాడాయన.

ఫోనులో చెబితే మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. చిలకపలుకులంటూ రోజర్స్‌ని కూడా ఇలాగే వెక్కిరించేవారట. 1966లో ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అని కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి రాశాడు. టైపు చేసిన మాటనే ప్రశ్నగా తిప్పి అడుగుతుంది, రోజర్స్ పద్ధతి డాక్టరులాగా. అది ఉత్త ప్రోగ్రామని తెలిసిన ఆయన సెక్రటరీయే, దానితో రెండు ముక్కలు మాట్లాడాక, మీరు కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. అరవై ఏళ్ళ కింద సంగతి. ఇప్పుడు మా షాపు కుర్రాడు రాత్రి ఒంటిగంటకి ఫోనుతో ఏదో చెప్పుకుంటూ ఉంటాడు, అవతల మనిషి లేడు. నవ్వాలో ఏడవాలో తెలియదు గానీ, నాకు ఒకటి తోస్తుంది. ఆ పెట్టెకి వీడి జీవితంలో వాటా లేదు. అంతవరకు అది మా బాబాయి కంటే నయం. అయితే మొహంలో రంగు మారని చోట ఎంతసేపు చెప్పుకుంటారు ఎవరైనా?

మాట తిప్పి అనడం టెక్నిక్ కాదని రోజర్స్ చివరి రోజుల్లో కూడా మొత్తుకున్నాడు. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా, కాస్త దిద్దండి అని అడగడమే అదంతా. ఆ తేడా కౌంటర్ ఇవతలికి రావడానికి నాకు ఇంకో నెల పట్టింది. మళ్ళీ అలాంటి రాత్రే ఒకావిడ వస్తే ఏమీ తిప్పి అనలేదు. స్టూలు జరిపి ఇచ్చాను. మొగుడి డయాలిసిస్ గురించి మొదలుపెట్టి అత్తగారి మీదుగా తన చిన్నప్పటి బడి దాకా వెళ్ళింది. నడుమ రెండు బేరాలు పోయాయి. వెళ్ళేటప్పుడు మాత్ర సంగతి ఎత్తలేదు. గొప్పగా చెబుతున్నానని అనుకోకండి, మర్నాడు ఇంకొకాయన దగ్గర మళ్ళీ టీ తగ్గించమనే చెప్పాను. సలహా ఎంత సుఖమో అప్పుడు అర్థమైంది. ఎదుటివాళ్ళ బాధ మన మీదికి రాకముందే తలుపు వేసేస్తుంది.

మనసు బాగోలేనివాళ్ళు ఫోను చేసి మాట్లాడుకోవడానికి ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలి మానస్ నంబరు 14416 కూడా పెద్ద అక్షరాలతో అద్దానికి అంటించాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటి వారం ఇద్దరు అడిగారు, అది మా హోమ్ డెలివరీ నంబరా అని.

ఎక్కడ ఒప్పుకోలేను

వినడం కావాలి, సరే. వినడమే చాలు అంటే మాత్రం మందుల షాపువాడిగా నాకు గొంతు దిగదు. రోజర్స్ తన షరతులు అవసరమైనవే కాదు, చాలినవి కూడా అన్నాడు. ఆ 1957లోనే విస్కాన్సిన్ వెళ్ళి, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ దగ్గర తన పద్ధతి పరీక్షించాడు. మొత్తం మీద ఆశించిన తేడా రాలేదు. సంబంధం నిజంగా కుదిరిన చోట కొంత మెరుగు కనిపించింది, అంతే. ఇక్కడ నేను రోజూ చూసేది దీనికి అటువైపు సంగతి. బాగా పనిచేస్తున్న మాత్రలు, ఎవరో చుట్టం "ఎన్నాళ్ళు మింగుతావు" అన్నాడని ఆపేసి, ఆరు నెలలకి మళ్ళీ అంబులెన్సులో వస్తారు. వాళ్ళకి ఆదరణతో పాటు మాత్రల షీటు కూడా కావాలి.

ఇంకో పేచీ మార్టిన్ బూబర్ అనే తత్వవేత్త పెట్టాడు, అదే ఏడాది ఏప్రిల్‌లో, మిషిగన్ యూనివర్సిటీలో, రోజర్స్ ఎదురుగా కూర్చుని. క్లయింటూ నేనూ సమానంగా కలుస్తాం అని రోజర్స్ అంటే, ఎలా సమానం, అతను సాయం కోసం నీ దగ్గరికి వచ్చాడు, నువ్వు అతని వైపు కూడా నిలబడి చూడగలవు, అతను నీ వైపు చూడలేడు అన్నాడు బూబర్. ఇది చదివినప్పుడు నేను పూర్తిగా బూబర్ పక్షం. ఎంత మెత్తగా మాట్లాడినా కౌంటర్ కౌంటరే.

తర్వాత అక్కని అడిగాక నా పక్షం కొంచెం కదిలింది. అక్క ఇప్పుడు తెనాలిలో ఉంటుంది. బావ పోయి ఆరేళ్ళు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు, అప్పట్లో ఎవరికైనా చెప్పుకున్నావా అక్కా అని అడిగాను. "గాజులావిడకి చెప్పాను" అంది, ఏదో కూరగాయల బేరం చెప్పినట్టు.

ఆ తర్వాత ఏడాది సీమంతానికి వచ్చినప్పుడట. గాజుల మలారం దించుకుని ఆవిడ మెట్టు మీద కూర్చుంది, అరుగు మీద కూర్చోనివ్వరు కదా. అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మణికట్టు చూసి, "ఇన్ని గాజులు ఎట్లా పగిలినయ్యమ్మా?" అంది. గాజులు తొడగాలంటే చెయ్యి చాలాసేపు పట్టుకోవాలి. ఒక్కో గాజూ ఎక్కిస్తూ, "నొప్పెడితే చెప్పమ్మా, ఆపుతా" అంటూ ఉందట. సలహా ఏమీ ఇవ్వలేదు. డబ్బులు తీసుకుని పక్క ఊరికి వెళ్ళిపోయింది.

బూబర్ సాయం చేసేవాడు పైన ఉంటాడనుకున్నాడు. ఇక్కడ ఆవిడ కింద మెట్టు మీద ఉంది. ఆవిడ మాటకి మా ఇంట్లో విలువ లేదు, ఎవరికైనా చెప్పినా ఎవరూ లెక్కచెయ్యరు, అందుకే అక్కకి ధైర్యం. నాకు ఇది తలచుకుంటే సంతోషంగా ఏమీ లేదు. ఒక మనిషిని మనం మెట్టు మీద కూర్చోబెట్టిన అవమానమే ఇంకో మనిషికి గది అయింది. దీన్ని ఏ సిద్ధాంతంలో సర్దాలో తెలియక అలాగే వదిలేస్తున్నాను.

ఒకటి మాత్రం అక్కని సూటిగా అడిగాను. ఎవరైనా గట్టిగా వెళ్ళొద్దు అని ఉండాల్సిందా అని. దారి చూపకుండా ఊరికే వినడం కొన్నిచోట్ల తప్పించుకోవడమే అవుతుందని నా అనుమానం. దెబ్బలు తింటున్న మనిషితో, నీ దారి నీకే తెలుసు అనడం ఏం మర్యాద? చేతిలో డబ్బు లేదు, ఉద్యోగం లేదు, ఉన్నది ఒక రేకు పెట్టె. రోజర్స్ దగ్గరికొచ్చిన తల్లి కనీసం గుమ్మం దాటి తన ఇష్టానికి వెళ్ళగలదు.

అక్క చిక్కుళ్ళు ఒలుస్తోంది. కాసేపు మాట్లాడలేదు. "వద్దన్నా వెళ్ళేదాన్నేమోరా. చెల్లి పెళ్ళి ఉందిగా. కానీ ఎందుకెళ్తున్నానో చెప్పి వెళ్ళేదాన్ని" అంది. ఇంకా ఏదో అనబోయింది. "ఆ పెట్టెలో ఏం తెచ్చానో తెలుసా నీకు" అని మొదలుపెట్టింది.

నేను, "పోనీలే అక్కా, అయిపోయిందిగా" అన్నాను.

నోటివెంట వచ్చేసింది. ఇన్ని నెలలు ఆ పుస్తకం మోసుకు తిరిగినవాణ్ణి. అక్క నవ్వి, చిక్కుడు తొక్కలు చేటలోకి దులిపి, షాపు ఎలా ఉంది, ఆన్‌లైన్ వాళ్ళ వల్ల బేరాలు తగ్గాయటగా అంది. నేను బేరాల గురించి చెప్పాను.

ఆ ఆదివారం మా అమ్మాయికీ అక్కకీ మధ్య ఫోను గంటన్నర నడిచిందట, మా ఆవిడ చెప్పింది. ఇంట్లోవాళ్ళకి కౌన్సెలింగ్ చెయ్యకూడదంటావుగా అని అమ్మాయిని అడిగితే, "కౌన్సెలింగ్ కాదు నాన్నా, మాట్లాడుకున్నాం" అంది. పెట్టెలో ఏముందట అని అడిగాను.

"చెప్పను" అంది.